వీరేందర్ దగ్గర లేని వాచీ

మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర పొద్దున్నే మందుల కంపెనీ బస్సెక్కే వాళ్లను వీరేందర్ ఎవరని అడిగితే, వాళ్లకు ముందు గుర్తొచ్చేది అతని ముంజేయి. రోజుకో వాచీ పెట్టుకొస్తాడు. అన్నీ పాతవే, అన్నీ కీ ఇచ్చి నడిపేవే. బ్యాటరీతో నడిచేదాన్ని అతను వాచీ కిందే జమకట్టడు. కంపెనీలో పంపులూ వాల్వులూ విప్పి బిగించే ఫిట్టరు. యాభై ఒక్కేళ్లుంటాయి. ఒక్కతే కూతురు పూజ, పెళ్లయి సుచిత్ర చౌరస్తా దగ్గర ఉంటుంది. ఇంట్లో అతనూ, భార్య అమ్మడూ, నూట నలభై పైచిలుకు వాచీలూ.

మొదటిది ఇరవై రెండేళ్ల కింద మేడ్చల్ అంగడిలో పాత సామాన్ల గోనెపట్టా మీద దొరికింది. అది నడవదని అమ్మేవాడే చెప్పాడు. వీరేందర్ ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, చిన్న స్క్రూడ్రైవరుతో వెనక మూత విప్పాడు. లోపల చక్రాల మధ్య దారప్పోగొకటి చిక్కుకుని ఉంది. సూదితో దాన్ని లాగేశాడో లేదో, చక్రం ఒకసారి వణికి, అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. చచ్చిందనుకున్నది తన చేతిలో ఊపిరి తీసుకున్నట్టనిపించింది. పరుగెత్తుకుంటూ వంటింట్లోకి పోయి అమ్మడు చెవి దగ్గర పెట్టాడు.

"ఇను, ఇను."

"కంపెనీల పంపు నడిపిస్తే జీతమిస్తరు. గిది నడిస్తే ఏమిస్తరు?" అంది అమ్మడు, పిండి చేతులతోనే.

 ఆ సాయంత్రమంతా అతను వాచీని చెవి దగ్గరే పెట్టుకుని తిరిగాడు.

అప్పట్నుంచి వెతుకులాటే. ఎర్రగడ్డలో ఆదివారం సంత, సికింద్రాబాద్ పాత సామాన్ల సందులు, తుక్కు కొట్లు అన్నీ తిరిగాడు. వాచీలు జమ చేయడంలో మజా ఏమిటని ఎవరైనా అడిగితే, ఆగిపోయినదాన్ని నడిపించడమని చెప్పేవాడు. అది నిజమే. అంతకంటే పెద్ద నిజం ఇంకొకటుంది, దాన్ని మాత్రం పైకి చెప్పేవాడు కాదు. తన దగ్గరున్నది ఇంకొకరి దగ్గర లేకపోవడం. వాచీలోళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టగానే, "అన్నా, ఏడ దొరికింది?" అని పది మంది అడుగుతారు. ఆ పది మందికీ ఒకే జవాబు: "దొరికింది." అలా అన్నప్పుడల్లా కడుపు నిండా భోంచేసినట్టుండేది.

ఈ విషయంలో అతనికి అండ జలీల్ భాయ్. శామీర్‌పేటలో రోడ్డు మీద పండ్ల దుకాణానికీ, ఫోన్ల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న నాలుగడుగుల వాచీ రిపేరు కొట్టు ఆయనది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ప్రతి ఆదివారం పొద్దున వీరేందర్ బండి మీద అక్కడికి చేరేవాడు. కొట్టు ముందుండే ఎర్ర స్టూలు అతనిదే. ఎవరైనా పాత వాచీ అమ్ముతామని తెస్తే, జలీల్ భాయ్ మొదటి ఫోను వీరేందర్‌కే. "భాయ్, ఒక చీజ్ వచ్చింది. జల్దీ రా."

పోయినేడు ఎండాకాలంలో ఒక ఆదివారం అతను వెళ్లేసరికి ఆ ఎర్ర స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది.

ఆమె పేరు రోజారాణి. దేవరయాంజాల్‌లో ఇల్లిల్లూ తిరిగి మందులిచ్చే, బీపీ చూసే ప్రభుత్వ నర్సు. ఉండేది గాజులరామారంలో, స్కూటీ మీద వచ్చి పోతుంది. నలభై ఏళ్ల లోపే. నాడి లెక్కపెట్టడానికి పెట్టుకునే వాచీలో సెకన్ల ముల్లు ఊడిపోతే బాగు చేయించుకోవడానికి వచ్చింది. అది పాత కీ వాచీ అని వీరేందర్ దూరం నుంచే కనిపెట్టాడు.

"అన్నా, మీరు గూడ జమ జేస్తరట గదా. జలీల్ చాచా చెప్పిండు," అంది స్టూలు ఖాళీ చేస్తూ. "ఎన్నున్నయి?"

"నూట నలభై రెండు."

"అబ్బో! ఎవరెవరివి అవన్ని?"

"ఎవరివేంది? నావే."

"అట్ల గాదన్నా. మునుపు ఎవరు పెట్టుకున్నరు అని."

వీరేందర్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎవరు పెట్టుకుంటే ఏమిటి? డయలు అసలుదా, కొత్తగా పెయింటు కొట్టిందా? లోపలి మిషన్‌లో చక్రాలు అరగకుండా పెట్టే కెంపు రాళ్లెన్ని? చూడాల్సింది అదీ. ఆమె సంచీలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసింది. అప్పటికి ఆమె దగ్గరున్నవి పదకొండు వాచీలు. ఒక్కోదానికి ఒక్కో పేజీ. అలియాబాద్‌లో పోస్టుమ్యాన్‌గా చేసిన ఎల్లేష్ వాచీ, వాన నీళ్లు పోయి మచ్చపడింది. తూంకుంటలో లారీ డ్రైవరుగా రిటైరైన ఆయనది...

ఆ పేజీలో అంటించిన లారీ డ్రైవరు వాచీ ఫొటో చూసి వీరేందర్ నోటుబుక్కు మీదికి వంగాడు. బంగారు రంగు కేసు, దానంతట అదే కీ ఎక్కే రకం, వారం పేరు హిందీలో. తొమ్మిదేళ్లుగా అతను దాని కోసం తిరుగుతున్నాడు.

"గిది... ఏడ దొరికింది?" ఆ ప్రశ్న తన నోటి నుంచి రావడం అతనికే వింతగా ఉంది.

ఆమె ఏమీ దాచలేదు. "కాలుకు పుండైతే నలభై దినాలు కట్టు గట్టిన అన్నా. నయమైనంక ఆయనే ఇచ్చిండు. నేనేం అడగలే. నా చేతికున్న పాతది చూసి, నీకు గివి ఇష్టమేమో అన్నడు. ఆయన ఇల్లు చెప్పాల్నా?"

"వద్దు," అన్నాడు వీరేందర్.

ఆ రోజు మేడ్చల్ దాకా బండి ఎలా నడిపాడో అతనికి తెలియదు. ఆమెకు రాళ్ల లెక్క తెలియదు, డయలు తెలియదు, తొమ్మిదేళ్లు తిరగలేదు, ఎండలో నిలబడలేదు. ఊరికే ఇళ్లల్లోకి పోతుంది, ముసలాళ్లు ఊరికే ఇచ్చేస్తారు. తను ఎవరింటికైనా పోయి పాత వాచీ ఉందా అంటే తలుపేసుకుంటారు. ఆమెకైతే చాయ్ ఇచ్చి మరీ పెట్టె తెరుస్తారు.

ఏడాది తిరిగేసరికి ఆమెవి ముప్పై దాటాయి, వీరేందర్‌కు మాత్రం కొత్తగా ఒక్కటీ దొరకలేదు. ఆదివారం జలీల్ భాయ్ కొట్టు ముందు ఇప్పుడు రెండు స్టూళ్లు. ఫోను కూడా తనకే మొదట వస్తోందా అని వీరేందర్‌కు అనుమానం. ఒకసారి అడిగేశాడు కూడా. "ఆమెకు ముందు చేసినవా, నాకు ముందు చేసినవా?" జలీల్ భాయ్ కంటికున్న భూతద్దం తీసి చూశాడు. "క్యా భాయ్, చిన్న పోరగాని లెక్క!"

ఇంట్లో అమ్మడికి కూడా తెలిసిపోయింది. "ఆమెను కోడలు అత్తను తిట్టినట్టు తిడుతున్నవు గదయ్యా," అంది ఒకనాడు అన్నం వడ్డిస్తూ. అతను పెరుగన్నం తినకుండానే లేచాడు.

ఇక ఈ ఏడు ఉగాది దాటిన మొదటి ఆదివారం సంగతి. రోజారాణి ఒక చేతిరుమాలు మూట తెచ్చి జలీల్ భాయ్ ముందు విప్పింది. అందులో ఉన్నదాన్ని చూసి వీరేందర్ లేచి నిలబడ్డాడు.

అది చూపులేని వాళ్ల కోసం చేసిన బ్రెయిలీ వాచీ. దానికి అద్దం మూతలాగా తెరుచుకోవాలి. లోపల అంకెలుండవు, ఉబ్బెత్తు చుక్కలుంటాయి. పన్నెండు దగ్గర మూడు చుక్కలు; మూడు, ఆరు, తొమ్మిది గంటల దగ్గర రెండేసి; మిగతా గంటల దగ్గర ఒక్కోటి. ముళ్లు గట్టిగా ఉంటాయి, వేలితో తడిమినా వంగవు. ఈ వాచీ మూత విరిగిపోయి ఉంది, గంటల ముల్లు లేదు. కానీ కీ ఇస్తే మిషన్ చక్కగా నడుస్తోంది.

"మా గల్లీల పర్వతాలు తాత అని ఉన్నడు," చెప్పింది రోజారాణి. "పుట్టుగుడ్డి. సర్కారు ఆఫీసుల కేన్ కుర్చీలు అల్లే నౌకరి జేసి రిటైరైండు. వారం వారం, బేస్తారం నాడు పోయి నేనే షుగరు చూస్త. షుగరుకు వేళ్లు మొద్దుబారినయి, చుక్కలు తెలుస్తలేవు. తాత పెండ్లాం రుక్కమ్మ అవ్వ తీసి నా చేతిల పెట్టింది. బాగు జేయించి ఒకసారి తెచ్చి చూపిస్త అని మాటిచ్చిన చాచా."

జలీల్ భాయ్ తిప్పి తిప్పి చూశాడు. "మూత దొరకదు బేటీ. గీ వాచీలు ఎప్పుడో బందైనయి." తర్వాత వీరేందర్ వైపు చూశాడు. "నీ దగ్గర ఏమన్న ఉన్నదా భాయ్? మూత, గంటల ముల్లు?"

"లేదు," అన్నాడు వీరేందర్. వెంటనే అన్నాడు, తడుముకోకుండా.

ఉంది. పన్నెండేళ్ల కింద ఎర్రగడ్డలో ఒక సంచెడు తుక్కు వాచీలు కొన్నప్పుడు అందులో ఒక బ్రెయిలీ వాచీ వచ్చింది. లోపలి మిషన్ తుప్పు పట్టి ముద్దయిపోయింది. మూత మాత్రం గీత పడకుండా ఉంది, రెండు ముళ్లూ ఉన్నాయి. నడిచే బ్రెయిలీ మిషన్ ఒక్కటి దొరికితే తనది పూర్తవుతుందని ఇన్నేళ్లు ఎదురుచూశాడు. అది ఇవ్వాళ దొరికింది, కానీ ఆమె రుమాల్లో.

ఇంటికెళ్లి బీరువా తెరిచి, దూదిలోంచి దాన్ని తీసి, మూత నొక్కాడు. టప్పున తెరుచుకుంది. ఇది ఇస్తే ఆమెది నిండుగా అవుతుంది, తనకు తుప్పు మిగులుతుంది. ఇవ్వకపోతే ఆమెకు విసుగొచ్చి ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తుంది. అప్పుడు తను అడగొచ్చు. దూది కప్పి తాళం వేశాడు.

రెండు వారాలాగి ఏమీ ఎరగనట్టు ఆమెతో అన్నాడు. "మేడం, ఆ పగిలినదానితోని ఏం జేస్తరు? నడిచేవి మంచియి రెండిస్త, నాకియ్యుండ్రి."

"మంచిది గానీ అన్నా, తాతకు మాటిచ్చిన గదా," అంది ఆమె నవ్వుతూ. ఆ నవ్వు వీరేందర్‌కు బేరం పెంచుతున్నట్టు కనిపించింది. గొప్ప చూపించుకుంటున్నట్టు కనిపించింది. వారమంతా ఆ నవ్వే కళ్ల ముందు తిరిగింది. కంపెనీలో ఒక వాల్వు తలకిందులుగా బిగించి సూపర్‌వైజరుతో మాటపడ్డాడు. అలాంటిది ఇరవై ఆరేళ్ల నౌకరీలో ఎన్నడూ జరగలేదు.

తర్వాతి వారం సెలవు రోజున బండి తీసి గాజులరామారం పోయాడు. మనసులో ఒకటే ఉంది. ఆ వాచీ ఎంత అరుదైనదో ఆ ముసలాళ్లకు తెలియాలి. తెలిస్తే వెనక్కి అడుగుతారు. ఆమె దగ్గర లేకుండా పోతే చాలు, తర్వాత సంగతి తర్వాత.

పర్వతాలు ఇల్లు ఎవరినడిగినా చెప్పారు. రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. రుక్కమ్మ కొత్తిమీర కట్టలు విప్పుతోంది. పర్వతాలు ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లని బనీను. వీరేందర్ తను వాచీలు జమ చేస్తానని చెప్పుకున్నాడు. రుక్కమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"కాకా," అన్నాడు వీరేందర్, గొంతు తగ్గించి. "మీరు సిస్టరుకు ఇచ్చిన వాచీ ఉన్నది చూడు, అసొంటిది ఇప్పుడు పైసలు వెట్టినా దొరకదు. మీకు తెల్వక ఇచ్చినట్టున్నరు. ఆమె చెప్పలేదు గావచ్చు."

 పర్వతాలు తల కొంచెం వంచి అడిగాడు. "నీకు గావాల్నా అది?"

వీరేందర్ లోపలి గుమ్మం వైపు చూశాడు.

"తెలిసే ఇచ్చిన బిడ్డా. మా ఆఫీసుల ముప్పై మంది ఉంటుండె. నేను కుర్చీలు అల్లుకుంట మూలకు కూసునేది. ఎవ్వరన్న నాతోని మాట్లాడుతుండెనా? లే. ఆ వాచీ వచ్చినంక ఏమైందంటవ్? కరెంటు పోతుండె మాటిమాటికి. గోడ గడియారం కరెంటుది, అది ఆగిపోతుండె. అందరు నన్నే అడిగేది, పర్వతాలూ, టైమెంత? నేను టప్పున మూత తీసి, తడిమి చెప్పేది. మా సూపరింటెండెంటుకు పెద్ద విదేశీ వాచీ ఉండె. నా దగ్గరికొచ్చి అసొంటిది ఏడ దొరుకుతది అని అడిగిండు. ఇయ్యరాదూ అన్నడు, రెండుసార్లు. నేనియ్యలే." ముసలాయన ముఖం వెలిగింది. "నన్ను చూసి జన్మల ఎవ్వరు కుళ్లుకోలే బిడ్డా. గుడ్డోన్ని చూసి ఎవలు కుళ్లుకుంటరు? గా ఒక్కదానికే కుళ్లుకున్నరు. ఎంత సంబరముండెనో నాకు! ఆయన గొంతుల అప్పుడు ఏది ఇనవడ్డదో, ఇప్పుడు నీ గొంతుల గదే ఇనవడుతున్నది."

 రుక్కమ్మ చాయ్ తెచ్చింది. వీరేందర్ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు.

"ఎన్నున్నయి నీ దగ్గర?" అడిగాడు పర్వతాలు.

"నూట నలభై రెండు."

"మస్తుగున్నయి. నీకూ సంబరమే ఉంటది." ఆ మాటలో వెటకారమేమీ లేదు. "చుక్కలు నాకిప్పుడు తెల్వవు. పోనీ. మూత సప్పుడొక్కటి ఇంటే సాలనిపిస్తది. సిస్టరమ్మ వచ్చినప్పుడల్ల అడుగుత. ముక్క దొరుకుతలేదట."

వీరేందర్ చాయ్ తాగి, "వస్త కాకా" అని లేచాడు. షాపూర్‌నగర్ దాటేదాకా ముసలాయన మీద కోపంగా ఉంది. ఆ తర్వాత అది ఎవరి మీదో తెలియని కోపమైంది.

అయినా ఇవ్వలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు గానీ, ఇంకా మూడు వారాలు ఇవ్వలేదు. బీరువా తీయడం, మూత నొక్కడం, మళ్లీ పెట్టడం. ఆ టప్పు అన్న చప్పుడు వంటింట్లో ఉన్న అమ్మడికి కూడా వినపడేది. చివరికి ఒక పొద్దున ఆమె వచ్చి పక్కన కూర్చుంది. అతను అంతా చెప్పాడు, గాజులరామారం పోయి ఏమన్నాడో అది కూడా.

అమ్మడు తిట్టలేదు. "గా ముసలాయన ఆశ తోని అడుగుతుంటే ఆమె ప్రతి బేస్తారం దొరుకలే అని చెప్పాల్సి వస్తున్నది," అంది. "నీ అబద్ధం ఆమె మోస్తున్నది గదయ్యా."

ఆ ఆదివారం వీరేందర్ ప్లాస్టిక్ కవరులో తన బ్రెయిలీ వాచీ తీసుకుపోయి జలీల్ భాయ్ బల్ల మీద పెట్టాడు. రోజారాణి ఇంకా రాలేదు.

"దొరికింది భాయ్. పాత డబ్బాల ఉండె. చూసుకోలే."

జలీల్ భాయ్ కవరు విప్పి, మూతను వెలుతురుకు పట్టి చూశాడు. "వీరేందర్ భాయ్, పన్నెండేండ్ల కింద ఆ సంచి గిదే బల్ల మీద బోర్లిచ్చినవు. ఏరి పక్కకు వెట్టింది నేనే. దీని మిషన్ చచ్చిపోయింది, మూత మాత్రం దాచుకో అని చెప్పింది గూడ నేనే."

 "మరి... ఆ రోజు నేను లేదంటే ఏమనలేదు?" అన్నాడు వీరేందర్.

"అంటే ఏమైతుండె? ఇస్తుంటివి, నా మొఖం చూసి. నీ అంతట నువ్వే తీసుకొస్తవేమో అని చూసిన. నెలన్నరాయె. ఇగ తేవనుకున్న." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే వీరేందర్‌కు తల ఎత్తడం కష్టమైంది.

రోజారాణి వచ్చింది. బల్ల మీది మూత చూసి, "అయ్యో, దొరికిందా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వీరేందర్ ఆమె వైపు చూడకుండానే చెప్పేశాడు. "దొరకలేదు మేడం. మొదటి నుంచి నా దగ్గర్నే ఉన్నది. మీకియ్యబుద్ధి గాలేదు. పర్వతాలు కాక దగ్గరికి గూడ పోయిన. మీ గురించి మంచిగ చెప్పలేదు."

ఆమె చప్పట్లు ఆగిపోయాయి. "నాకు తెలుసన్నా, మీరు పోయినట్టు. ఏమన్నరో తాత చెప్పలే, మంచి మనిషి వచ్చిండు అన్నడు." బల్ల మీది మూత వైపు చూసింది. "నేను ఏం తీసుకున్న మీది? ఏం తీసుకున్న?"

 ఆమె కళ్లు తుడుచుకుంది, వాచీని జలీల్ భాయ్ దగ్గరే వదిలి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

జలీల్ భాయ్ నాలుగు రోజుల్లో మూత అతికించి, ముల్లు బిగించి ఇచ్చాడు. రోజారాణి వచ్చి పర్వతాలుకు చూపించడానికి తీసుకుపోయింది. వీరేందర్‌ను రమ్మని పిలవలేదు. నెల రోజులు ఆదివారాలు కొట్టుకు రావడం కూడా మానేసింది. ఆమె రాని ఆ ఆదివారాల్లో వీరేందర్ తన స్టూలు మీద తనే కూర్చున్నాడు, ఏ వాచీ వచ్చినా అతనికే వచ్చింది. కొన్నాడు కూడా, రెండు. ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాడు. గ్రూపులో ఫొటో పెట్టబుద్ధి కాలేదు.

తర్వాత తెలిసింది జలీల్ భాయ్ ద్వారా. పర్వతాలు మూత చప్పుడు విని వదిలిపెట్టలేదట, పదిసార్లు, ఇరవైసార్లు టప్పు టప్పుమని తెరిచి మూశాడట. అది చూసి రోజారాణి వాచీని ఆయన చేతికే కట్టి వచ్చేసిందట. "నోటుబుక్కుల పేజీ ఉన్నది గదా చాచా, నాకు గది సాలు," అందట.

ఆ మాట విన్నప్పుడు వీరేందర్‌కు మొదట కలిగింది హాయి. ఆమె దగ్గరా లేదు! ఆ వెంటనే, అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఇంటికొచ్చి రెండూ అమ్మడికి చెప్పాడు. "రెండోది గూడ పుట్టింది గదా, మొదటిది మెల్లమెల్లగ తగ్గుతదిలే," అంది ఆమె.

అంతగా తగ్గలేదు. వానాకాలంలో రోజారాణి మళ్లీ కొట్టుకు రావడం మొదలెట్టింది. మొదట్లో పలకరింపు వరకే. ఒకనాడు ఆమె తెచ్చిన ఆడవాళ్ల బుల్లి వాచీ నడవకపోతే, జలీల్ భాయ్‌కు జ్వరంగా ఉండడంతో వీరేందరే విప్పి చూశాడు. లోపల నూనె ఎండిపోయింది. తుడిచి, చుక్క నూనె వేసి, నడిపించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వేళ్లు వెంటనే వదల్లేదు. అంత చిన్న మిషన్ అతని దగ్గర ఒక్కటీ లేదు.

రోజారాణి అది గమనించింది. "ఏందన్నా, ఇయ్యవా?" అంది. ఈసారి నవ్వింది.

"ఇస్తున్న గదమ్మా," అన్నాడు వీరేందర్, ఇచ్చాడు. "కుత్బుల్లాపూర్‌ల ఒక తుక్కు కొట్టున్నది. గీ సైజువి అప్పుడప్పుడు వస్తయి ఆడికి. అడ్రసు రాసుకో."

ఇరవై రెండేళ్లలో అతను ఒకరికి చోటు చెప్పడం అదే మొదలు. ఆమె రాసుకుంటుంటే ఒక్కో అక్షరం చూస్తూ నిలబడ్డాడు, తుడిపేయమని అందామా అన్నంత బాధతో.